పథకాలకు మార్కులు వేసేవాళ్లకు అర్హత ఏమిటి?

1965 ఏప్రిల్ 11న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తాను చిన్నప్పుడు చదువుకున్న బడి బయట బల్ల వేయించుకుని, తనకు చదువు చెప్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక చట్టం మీద సంతకం పెట్టారు. పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు కేంద్ర ప్రభుత్వ నిధులు అందించే చట్టం అది. మొదటి ఏడాదికే 100 కోట్ల డాలర్లకు పైగా కేటాయించారు. అందులో ఒక షరతు ఉంది. డబ్బు తీసుకున్న ప్రతి స్కూల్ డిస్ట్రిక్టూ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థ) దానివల్ల పిల్లలకు ఏం ఒరిగిందో ఏటా లెక్క చెప్పాలి. ఈ షరతు కోసం పట్టుబట్టింది సెనెటర్ రాబర్ట్ కెన్నెడీ. ఇన్నాళ్లూ పేద పిల్లలను పట్టించుకోని బడులకే మళ్లీ డబ్బిస్తే అవి వాటంతట అవి మారిపోతాయన్న నమ్మకం ఆయనకు లేదు. తల్లిదండ్రుల చేతిలో లెక్కలుంటే బడిని నిలదీస్తారని ఆయన ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది కానీ ఆ లెక్క తీయగలిగినవాళ్లు లేరు. దేశంలో వేల స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, ప్రతిదానికీ ఏటా ఒక నివేదిక కావాలి. దాంతో నిన్నటిదాకా పరీక్షల విభాగంలో పనిచేసినవాళ్లు, కౌన్సెలర్లు, యూనివర్సిటీల్లో సైకాలజీ చెప్పే ప్రొఫెసర్లు, ఎవరూ దొరకని చోట ఖాళీగా ఉన్న టీచరు, రాత్రికి రాత్రే ఎవాల్యుయేటర్లు, అంటే పథకం ఫలితం తేల్చేవాళ్లు, అయిపోయారు. నివేదికల్లో చాలావాటిని ఎవరూ చదవలేదు, చదివినవాళ్లకు వాటితో ఏం చేయాలో తెలియలేదు. నాలుగేళ్లకే, 1969లో, ఈ రంగంలోనే పనిచేసే ఎగాన్ గూబా విద్యా మూల్యాంకనం విఫలమైందని శీర్షికలోనే చెప్పేస్తూ వ్యాసం రాశారు.

ఇక్కడ చెబుతున్నది పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ గురించి కాదు. ఒక విద్యా పథకం, కొత్త పాఠ్యపుస్తకం, ట్యాబ్‌ల పంపిణీ, టీచర్లకిచ్చిన శిక్షణ నిజంగా పనిచేసిందా లేదా అని తేల్చే వృత్తి గురించి. ఈ పని చేయడానికి ఎవరు తగినవాళ్లు అన్న ప్రశ్న 1965లో పుట్టింది. అరవై ఏళ్లుగా దానికి జవాబుగా జాబితాల మీద జాబితాలు తయారయ్యాయి. ఆ జాబితాలు పనికిరానివి కావు. అయితే వాటిలో కొలవడానికి వీలైన అంశాలు ఒక రకం, అసలు సమయంలో అక్కరకొచ్చే అంశాలు మరో రకం. చిక్కంతా అక్కడే ఉంది.

దీనికి మంచి ఉదాహరణ హెడ్‌స్టార్ట్ మూల్యాంకనం. బడికి వెళ్లే వయసు రాకముందే పేద పిల్లలకు చదువు, పోషణ, వైద్యం అందించే ఈ కార్యక్రమం 1965 వేసవిలో మొదలైంది. మూడేళ్ల తర్వాత, 1968లో, దాని ఫలితం తేల్చమని వెస్టింగ్‌హౌస్ లెర్నింగ్ కార్పొరేషన్‌కు, ఒహాయో యూనివర్సిటీకి అప్పగించారు. 1969లో వచ్చిన నివేదిక వేసవి కార్యక్రమాల వల్ల లాభం కనబడలేదని, ఏడాది పొడవు కార్యక్రమాల వల్ల కలిగిన లాభం స్వల్పమని చెప్పింది. పూర్తి నివేదిక బయటికి రాకముందే దాని తొలి ఫలితాలను అధ్యక్షుడు నిక్సన్ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో ప్రస్తావించారు. పత్రికలు అందుకున్నాయి.

మరుసటి ఏడాది డొనాల్డ్ క్యాంప్‌బెల్, ఆల్బర్ట్ ఎర్లబాకర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ లెక్కలో ఉన్న లోపాన్ని బయటపెట్టారు. కార్యక్రమం మొదలయ్యే ముందు పిల్లల స్థాయి ఏమిటో ఎవరూ కొలిచి ఉంచలేదు. అందుకని హెడ్‌స్టార్ట్‌కు వెళ్లిన పిల్లలకు జతగా అదే ప్రాంతంలో వెళ్లని పిల్లలను వెతికి పోల్చారు. హెడ్‌స్టార్ట్‌లో చేరినవాళ్లేమో ఆ ప్రాంతంలోకెల్లా పేద కుటుంబాల పిల్లలు. చేరనివాళ్ల నేపథ్యం ఎంతో కొంత మెరుగు. ఆ తేడాను గణాంకాలతో సరిచేశామని నివేదిక చెప్పింది. అలా సరిచేయడం పూర్తిగా కుదరదన్నది క్యాంప్‌బెల్, ఎర్లబాకర్‌ల వాదన.

ఎందుకు కుదరదో ఒక చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక గుంపు సగటు 40 మార్కులు, రెండో గుంపు సగటు 60 అనుకుందాం. రెంటిలోనూ సరిగ్గా 50 వచ్చిన పిల్లలను ఏరి జత చేశాం. కాగితం మీద వీళ్లు సమానం. కానీ ఏ పరీక్షలోనైనా కొంత అదృష్టం, కొంత పొరపాటు కలిసే ఉంటాయి. మొదటి గుంపులో 50 తెచ్చుకున్నవాళ్లలో ఆరోజు కలిసొచ్చినవాళ్లు ఎక్కువ, రెండో గుంపులో 50కి పడిపోయినవాళ్లలో ఆరోజు కలిసిరానివాళ్లు ఎక్కువ. మళ్లీ పరీక్ష పెడితే మొదటివాళ్లు 47 దగ్గరికి, రెండోవాళ్లు 53 దగ్గరికి చేరతారు. మధ్యలో ఏ పథకమూ లేకపోయినా ఆరు మార్కుల తేడా పుట్టుకొచ్చింది. పేద గుంపుకు పథకం అమలు చేసి ఉంటే ఆ ఆరు మార్కుల నష్టం పథకం ఖాతాలో పడుతుంది. కొంచెం మేలు చేసిన పథకం పనికిరానిదిగా, ఏ మేలూ చేయనిది కీడు చేసినట్టుగా కనిపిస్తుంది. ఈ పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు, పేదల కోసం పెట్టిన పథకానికి వ్యతిరేకంగానే మొగ్గుతుంది.

హెడ్‌స్టార్ట్ రద్దు కాలేదు. ఇప్పటికీ నడుస్తోంది, దాని ఫలితాల మీద వాదనలూ నడుస్తున్నాయి. ఇక్కడ గమనించాల్సిన విషయం వేరే ఉంది. ఆ నివేదిక రాసినవాళ్లు అర్హత లేనివాళ్లేం కాదు. పెద్ద కంపెనీ, యూనివర్సిటీ, డాక్టరేట్లున్న పరిశోధకులు. ఏ సర్టిఫికెట్ పరీక్ష పెట్టినా పాసయ్యేవాళ్లే. వాళ్ల చేతికొచ్చిన పనే వంకరగా వచ్చింది. పథకం మొదలైన మూడేళ్లకు, ముందస్తు కొలత ఏదీ లేకుండా, ఏడాదిలోపే దేశం మొత్తానికి జవాబు చెప్పమన్నారు. ఇంత తక్కువ సమయంలో ఈ పద్ధతిలో ఈ ప్రశ్నకు నమ్మదగిన జవాబు రాదని పని అప్పగించినవాళ్ల ముఖం మీదే చెప్పడం కూడా ఒక సామర్థ్యమే. ఏ డిగ్రీ సర్టిఫికెట్టులోనూ అది కనబడదు.

కొన్నాళ్లకు ఇంకో రకం దెబ్బ తగిలింది. హెడ్‌స్టార్ట్ లాభం నిలబడేలా చిన్న తరగతుల్లో రకరకాల బోధనా నమూనాలను అమలు చేసిన ఫాలో త్రూ అనే భారీ ప్రయోగాన్ని ఆబ్ట్ అసోసియేట్స్ సంస్థ 1977లో విశ్లేషించింది. ఏ నమూనా గెలిచిందన్న చర్చ జోరుగా సాగింది. మరుసటి ఏడాది ఎర్నెస్ట్ హౌస్, జీన్ గ్లాస్, మరో ఇద్దరు కలిసి దానిమీద విమర్శ రాశారు. ఒక్కో నమూనా ఆశయం ఒక్కో రకంగా ఉంటే కొలతలు మాత్రం కొన్నింటికే అనుకూలంగా ఉన్నాయని, పైగా నమూనాల మధ్య తేడా కన్నా ఒకే నమూనా నడిచిన ఊళ్ల మధ్య తేడానే ఎక్కువని తేల్చారు. అంటే లెక్కలు తప్పు లేకుండా వేయడం వచ్చినా సరిపోదు. ఏం కొలవాలో ఎంచుకునే చోటే సగం తీర్పు అయిపోతుంది.

ఈ అనుభవాల నీడలోనే అమెరికాలో ప్రమాణాల పని మొదలైంది. 1975లో డేనియల్ స్టఫుల్‌బీమ్ అధ్యక్షతన ఒక ఉమ్మడి కమిటీ ఏర్పడి, 1981లో విద్యా మూల్యాంకనానికి 30 ప్రమాణాలు ప్రకటించింది. ఉపయోగం, ఆచరణ సాధ్యత, నైతికత, కచ్చితత్వం అని నాలుగు గుంపులు. ఆ వరుస యాదృచ్ఛికం కాదు. ఎవరికీ ఉపయోగపడని నివేదిక ఎంత కచ్చితంగా ఉంటే మాత్రం ఏం లాభం అన్న అసహనం అందులో ఉంది. 1994, 2011లలో వీటిని సవరించారు. 2011లో మూల్యాంకనం చేసేవాళ్ల పనిని కూడా తనిఖీ చేయాలన్న ఐదో గుంపు చేరింది. అయితే ఇవన్నీ పనికి పెట్టిన ప్రమాణాలు. మూల్యాంకనం ఎలా ఉండాలో చెబుతాయి తప్ప, చేసే మనిషికి ఏమేం వచ్చి ఉండాలో వివరంగా చెప్పవు. 1986లో పుట్టిన అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ 1995లో ప్రకటించిన ఐదు మార్గదర్శక సూత్రాల్లో సామర్థ్యం ఒకటి. తనకు రాని పని ఒప్పుకోకూడదని ఆ సూత్రం సారాంశం. రాని పని ఏదో తెలియాలంటే రావాల్సినవి ఏవో ముందు ఎవరో చెప్పాలి కదా.

ఆ లోటు తీర్చే ప్రయత్నం మిన్నెసోటా యూనివర్సిటీలో జరిగింది. జీన్ కింగ్, లారీ స్టెవాన్, వాళ్ల సహచరులు 2001లో ఒక ముసాయిదా వేసి, ఈ రంగంలోని రకరకాల మనుషుల చేత దానికి మార్కులు వేయించి, 2005 నాటికి 61 సామర్థ్యాలను ఆరు తరగతుల కింద పేర్చారు. వృత్తి నియమాలు, క్రమబద్ధమైన పరిశోధన, పరిస్థితిని అర్థం చేసుకోవడం, ప్రాజెక్టు నడపడం, తన పనిని తానే పరీక్షించుకోవడం, మనుషులతో నెగ్గుకురావడం. గణాంకాల పండితులు దీన్ని చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. పద్ధతుల పరిజ్ఞానం ఆరింటిలో ఒక్కటే. మిగతావి ఎక్కువగా మనుషులకు, పరిస్థితులకు, పని నడిపించడానికి సంబంధించినవి. బడికి వెళ్లి చూసినవాళ్లెవరైనా ఆ నిష్పత్తి సరైనదేనంటారు.

జాబితాను సర్టిఫికెట్‌గా మార్చే ధైర్యం చేసింది మాత్రం కెనడా. అక్కడి ఎవాల్యుయేషన్ సొసైటీ ఐదు విభాగాల్లో 49 సామర్థ్యాలను ఖరారు చేసి, 2010లో క్రెడెన్షియల్డ్ ఎవాల్యుయేటర్ అనే గుర్తింపు ప్రారంభించింది. దరఖాస్తుదారుకు పీజీ స్థాయి చదువు, గత పదేళ్లలో కనీసం రెండేళ్ల పని అనుభవం ఉండాలి. ఆ తర్వాత ప్రతి విభాగంలోనూ కనీసం 70 శాతం సామర్థ్యాలు తనకు ఎక్కడ, ఏ చదువు వల్ల, ఏ ప్రాజెక్టు వల్ల అబ్బాయో ఒక్కొక్కదానికీ వివరణ రాయాలి. సీనియర్లతో కూడిన బోర్డులో ఇద్దరు దాన్ని చదివి తేలుస్తారు. గుర్తింపు నిలబెట్టుకోవాలంటే మూడేళ్లలో 40 గంటలు ఏదైనా కొత్తది నేర్చుకున్నట్టు చూపాలి. 2018లో జాబితాను 36కి కుదించారు. అదే ఏడాది అమెరికన్లు తమ సొంత జాబితా ప్రకటించారు, అదీ ఐదు విభాగాల్లోనే, సంఖ్య మళ్లీ 49! ఈ అంకెలో ఏ మహత్తూ లేదు. అరవై ఉంటే ఎవరూ చదవరని, ముప్పై ఉంటే ఎవరిదో ఒకరిది తప్పిపోయిందని గొడవ వస్తుందని కమిటీల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు.

కెనడా పద్ధతిలో గమనించాల్సినవి రెండున్నాయి. ఇది లైసెన్సు కాదు. డాక్టరుకో చార్టర్డ్ అకౌంటెంట్‌కో ఉన్నట్టు, గుర్తింపు లేనివాళ్లు ఈ పని చేయకూడదన్న నిషేధం లేదు. ఆ బిరుదు పేరు పక్కన పెట్టుకోకూడదంతే. రెండోది, రాత పరీక్ష లేదు. దరఖాస్తుదారు తన గురించి తాను రాసుకున్నదే ప్రధాన ఆధారం. బాగా రాయగలిగినవాళ్లకు ఇది కలిసొస్తుంది, రాయడం కూడా ఈ వృత్తిలో భాగమే కాబట్టి పూర్తి అన్యాయమని అనలేం. కానీ ఫలానా వ్యక్తి అధికారులతో విభేదించి నిలబడగలరా అన్నది ఆ వివరణలో తేలదు. ‘‘నిజాయితీగా పనిచేశాను’’ అని రాయని దరఖాస్తు ఎక్కడైనా ఉంటుందా?

ఇన్ని లోపాలున్నా కెనడా దారే మెరుగనిపిస్తుంది. దానికి కారణం జాబితా గొప్పతనం కాదు, అక్కడున్న గిరాకీ. 2009 నాటి కెనడా ప్రభుత్వ విధానం ప్రకారం కేంద్ర ప్రభుత్వ కార్యక్రమాల ప్రత్యక్ష ఖర్చు మొత్తాన్ని ఐదేళ్లకోసారి మూల్యాంకనం చేయాలి. 2016లో ఆ నిబంధనను సడలించినా, అప్పటికే ప్రతి శాఖలోనూ ఈ పని తెలిసిన విభాగాలు ఏర్పడ్డాయి. కొనేవాళ్లకు సరుకు సంగతి తెలిసినప్పుడే అమ్మేవాళ్ల గుర్తింపుకు విలువ వస్తుంది.

అమెరికాలో 1990లలోనే సర్టిఫికేషన్ మీద పెద్ద చర్చ జరిగింది. బ్లెయిన్ వర్థెన్ 1999లో చిక్కులన్నీ ఒకచోట పెట్టారు. ఏమేం రావాలో అందరూ ఒప్పుకోవాలి, దాన్ని కొలిచే పరీక్ష తయారు చేయాలి, అందుకు డబ్బు కావాలి, ఇప్పటికే ఈ పనిలో ఉన్న సీనియర్లను పరీక్ష లేకుండా చేర్చుకోవాలా వద్దా తేల్చాలి, ఫెయిలైనవాళ్లు కోర్టుకెళితే తట్టుకోవాలి. అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ సభ్యుల్లోనూ అనుమానాలే ఎక్కువ. ఆ తర్వాత 2018లో సామర్థ్యాల జాబితా వచ్చినా సర్టిఫికెట్ జోలికి సంఘం పోలేదు. శిక్షణకు, ఎవరికి వారు చూసుకోవడానికి మాత్రమే అంది.

పిరికితనమని అనుకోవచ్చు. కానీ 2003లో జరిగింది చూస్తే వాళ్ల భయం అర్థమవుతుంది. విద్యా పథకాల మూల్యాంకనాల్లో లాటరీ పద్ధతిలో పిల్లలనో బడులనో విడదీసి పోల్చే ప్రయోగాలకే ప్రాధాన్యం ఇస్తామని అమెరికా విద్యాశాఖ ప్రతిపాదించింది. సంఘం తరఫున అభ్యంతరం తెలుపుతూ ప్రకటన వెళ్లింది. వెంటనే సంఘంలోని కొందరు ప్రముఖులు, ఈ ప్రకటన మా అభిప్రాయం కాదంటూ వేరే లేఖ పంపారు. ఏ పద్ధతికి పెద్దపీట వేయాలన్న దగ్గరే ఏకాభిప్రాయం లేని వృత్తి, ఏ పద్ధతి రానివాళ్లను ఫెయిల్ చేయాలో ఎలా నిర్ణయిస్తుంది?

విద్యాశాఖ మాత్రం తన దారిన తాను సర్టిఫికెట్ ఇచ్చుకుంది, చాలా ఇరుకైన పనికి. 2002లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ సైన్సెస్ కింద నడిచిన వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్, అధ్యయనాలను పరిశీలించి ఏది నమ్మదగినదో తేల్చేది. ఆ పరిశీలకులు శిక్షణ పొంది, పరీక్ష రాసి ధ్రువీకరణ తెచ్చుకోవాల్సి ఉండేది. అక్కడి నియమాల్లో ఒకటి ఇది. పోల్చే రెండు గుంపుల మధ్య ముందస్తు తేడా 0.25 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దాటితే ఆ పోలిక చెల్లదు, 0.05 నుంచి 0.25 మధ్య ఉంటే గణాంకాలతో సరిచేయాలి. 1969లో దేశమంతా వాదులాడుకున్న సమస్య ఇవాళ పరీక్షలో అడిగే ప్రశ్న అయింది. సామర్థ్య ప్రమాణం నిజంగా పనిచేసిన చోటు ఇదే అనొచ్చు. ఒప్పో తప్పో తేలే చిన్న పనిని విడదీసి, దానికి మాత్రమే పరీక్ష పెట్టారు. అయినా 2025 ఫిబ్రవరిలో ఆ ఇన్‌స్టిట్యూట్ కాంట్రాక్టులు పెద్దసంఖ్యలో రద్దయ్యాయి, మార్చిలో సిబ్బందిలో అత్యధికులను తీసేశారు. పరిశీలకుల సామర్థ్యానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మరో దిక్కు నుంచి వచ్చిన ఆలోచన న్యూజిలాండ్‌ది. 2011లో అక్కడి సంఘం ప్రకటించిన సామర్థ్యాల్లో అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజలతో కుదిరిన వైతాంగి ఒప్పందమే పునాది. స్థానిక సంస్కృతిని అర్థం చేసుకోవడం అదనపు అర్హత కాదు, మిగతా సామర్థ్యాలన్నిటిలోనూ కలిసి ఉండాల్సిందే అన్నారు. ఇది మర్యాద కోసం చేర్చిన మాటలా కనిపిస్తుంది కానీ కొలత కచ్చితత్వానికి సంబంధించిన విషయం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండీ, కోయ, సవర, కువి, కొలామీ వంటి 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టింది ఎందుకు? ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లకు తెలుగులో చదివే పరీక్ష పెట్టి, లెక్కల్లో వెనకబడిందని రాస్తే అది లెక్కల మార్కు కాదు. ఆ సంగతి తెలియని ఎవాల్యుయేటర్‌కు గణాంకాలు ఎంత వచ్చినా తప్పు జవాబునే మరింత కచ్చితంగా చెబుతారు.

తెలుగు నేల మీద జరిగిన ఒక మూల్యాంకనం ప్రపంచమంతా చదివింది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 500 ప్రభుత్వ బడుల్లో, రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన ప్రయోగం అది. పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇవ్వడం, అదనంగా కాంట్రాక్టు టీచరును ఇవ్వడం, బడికి నిధులివ్వడం లాంటివి వేర్వేరు బడుల్లో లాటరీ పద్ధతిలో అమలు చేశారు. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండేళ్లకు బోనస్ ఇచ్చిన బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. బోనస్ కోసం టీచర్లు బట్టీ పట్టించి ఉంటారన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. దాన్ని ముందే ఊహించి బట్టీతో రాయగలిగే ప్రశ్నలు, అర్థమైతేనే రాయగలిగే ప్రశ్నలు విడివిడిగా పెట్టారు. బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లలోనూ పరీక్ష పెట్టారు. అన్నిటిలోనూ మెరుగుదల కనబడింది.

ఇదే బృందం చేసిన, తక్కువమందికి తెలిసిన ఇంకో అధ్యయనం ఇక్కడ మరీ ఉపయోగం. ఒక వంద బడుల్లో బోనస్ లేకుండా, పిల్లలు ఏ అంశంలో వెనకబడ్డారో వివరంగా చెప్పే నివేదికలు టీచర్లకిచ్చారు. పరిశీలకులు తరగతి గదుల్లో కూర్చుని చూస్తే ఈ టీచర్లు మిగతావాళ్ల కన్నా చురుగ్గా పాఠం చెబుతున్నారు. పిల్లల మార్కుల్లో మాత్రం ఏ తేడా లేదు. ఎవరో చూస్తున్నప్పుడు బాగా చెప్పగలరు, చూడనప్పుడు అలా చెప్పలేదు! తరగతి పరిశీలనతోనే సరిపెట్టుకునే బృందం ఈ పథకానికి మంచి మార్కులు వేసి, రాష్ట్రమంతా విస్తరించమని సిఫార్సు చేసి వెళ్లిపోయేది. మన దగ్గర ఏటా వచ్చే శిక్షణ కార్యక్రమాల నివేదికల్లో ఎన్ని ఈ కోవలోవో ఆలోచించాల్సిందే. శిక్షణ బాగుందని టీచర్లు ఫారంలో టిక్కు పెడితే అదే ఫలితంగా రాసే అలవాటు ఇంకా పోలేదు.

భారతదేశానికి ఈ రంగంలో చరిత్ర లేకపోలేదు. ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రామ్ ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ 1952లోనే, అంటే అమెరికా చట్టానికి పదమూడేళ్ల ముందే ఏర్పడింది. 2015లో అది నీతి ఆయోగ్ కింద డీఎంఈవో (డెవలప్‌మెంట్ మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ ఆఫీస్) అయింది. మధ్యలో స్వతంత్రంగా పనిచేయడానికి పెట్టిన ఇండిపెండెంట్ ఎవాల్యుయేషన్ ఆఫీసు 2014లో ప్రభుత్వం మారాక నిలబడలేదు, దాన్నీ డీఎంఈవోలోనే కలిపేశారు. కర్ణాటక 2011లో తన సొంత ఎవాల్యుయేషన్ అథారిటీ పెట్టుకుంది. సంస్థలున్నాయి, కానీ ఎవాల్యుయేటర్‌కు ఏం రావాలన్న ప్రశ్నకు ఆచరణలో జవాబు చెబుతున్నది టెండరు పత్రమే.

ఆ పత్రంలో ఏముంటుంది? గత మూడేళ్ల టర్నోవర్, ఇలాంటి పనులు ఎన్ని చేశారు, టీమ్ లీడర్‌కు ఎన్నేళ్ల అనుభవం, ఏ డిగ్రీ. వీటికి మార్కులు వేసి, ధరతో కలిపి, ఎక్కువ వచ్చినవాళ్లకు పని ఇస్తారు. టర్నోవర్ అనేది కంపెనీ ఆరోగ్యం చెబుతుంది. టీమ్ లీడర్ బయోడేటా ఒకే సమయంలో నాలుగు టెండర్లలో ఉండొచ్చు, మనిషి మాత్రం ప్రారంభ సమావేశంలో, చివరి ప్రజెంటేషన్‌లో కనిపిస్తారు. మధ్యలో పని చేసేది ఒకరిద్దరు జూనియర్లు, రోజుకూలీ లెక్కన తెచ్చుకున్న ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లు. కెనడా జాబితాలోగానీ అమెరికా జాబితాలోగానీ ఈ ఇన్వెస్టిగేటర్ ఊసు ప్రత్యేకంగా లేదు, అక్కడి పరిస్థితి వేరు కాబట్టి. ఇక్కడ మాత్రం డేటా నాణ్యత అంతా ఆ కుర్రాళ్ల చేతుల్లోనే ఉంటుంది. పిల్లవాడు నీళ్లు నమిలితే ఎంతసేపు ఆగాలి, పక్కనున్న సారు జవాబు అందిస్తుంటే ఆయన్ని నొప్పించకుండా ఎలా ఆపాలి, బడికి రాని పిల్లల ఇళ్లకు వెళ్లాలా వద్దా అన్నవి తెలిస్తేనే పై లెక్కలకు అర్థం. రెండు రోజుల శిక్షణ, బస్సు చార్జీలు కూడా సరిగా రాని భత్యంతో అవి రావు. ఆ శిక్షణ రోజులు, ఆ భత్యం ఎంతో టెండరు అడిగితే చాలా బిడ్ల రూపం మారిపోతుంది.

కాబట్టి 49 అంశాల విదేశీ జాబితాను తెలుగు చేసి సర్క్యులర్‌గా పంపితే ఒరిగేది తక్కువ. అంతకన్నా చవకైన, నిక్కచ్చి మార్గాలున్నాయి. బయోడేటాకు ఇచ్చే మార్కుల్లో సగం తగ్గించి, బిడ్డర్ ఇదివరకు చేసిన ఒక నివేదికను, దాని వెనకున్న ముడి డేటాతో సహా అడగొచ్చు. డేటా ఇవ్వలేకపోవడానికి కొన్నిసార్లు న్యాయమైన కారణం ఉంటుంది, అప్పుడు పద్ధతుల అనుబంధమైనా ఇవ్వాలి. దాన్ని సంబంధం లేని ఇద్దరు నిపుణులకు పేర్లు తీసేసి పంపి అభిప్రాయం తీసుకోవచ్చు. టీమ్ లీడర్ ఎన్ని రోజులు బడుల్లో ఉంటారో ఒప్పందంలో రాయించి, ఆ రోజుల లెక్క చూశాకే బిల్లు చెల్లించవచ్చు. ఇచ్చిన గడువులో మీ ప్రశ్నల్లో ఫలానా ప్రశ్నకు జవాబు రాదు అని బిడ్డర్ రాతపూర్వకంగా చెప్పే చోటు టెండరులోనే పెట్టి, అలా చెప్పినందుకు మార్కులు కోయకుండా, సరైన కారణం చూపినవాళ్లకు మార్కులు కలిపితే, 1968లో పని ఒప్పుకున్నవాళ్లు అనలేకపోయిన మాట ఇక్కడ కొందరైనా అంటారు.

ఇవన్నీ అడగాలంటే అడిగే అధికారికి సంగతి తెలియాలి. పైన చెప్పుకున్న జాబితాలన్నీ నివేదిక రాసేవాళ్లకే తప్ప, రాయించుకునేవాళ్లకు లేవు. మూల్యాంకనం ఎప్పుడు మొదలుపెట్టాలో, ముందస్తు కొలతకు బడ్జెట్ ఎందుకు పెట్టాలో, ముసాయిదాలో నచ్చని పేరా కనబడితే ఏం అడగొచ్చో ఏం అడగకూడదో జిల్లా విద్యాధికారి నుంచి కమిషనరేట్‌లో ఫైలు చూసే సూపరింటెండెంట్ దాకా తెలియాల్సినవాళ్లు చాలామంది. వీళ్ల కోసం ఎస్‌సీఈఆర్‌టీలు (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు) రెండు రోజుల కోర్సు నడపడం పెద్ద ఖర్చు కాదు. అందులో మొదటి రోజు ఆంధ్రప్రదేశ్ ప్రయోగాల అసలు పత్రాలనే ముందు పెట్టి, బోనస్ బడుల లెక్క, నివేదికల బడుల లెక్క పక్కపక్కన చదివిస్తే చాలు. రెండో రోజు తమ శాఖ కిందటేడు డబ్బిచ్చి రాయించుకున్న ఒక నివేదికను అలాగే చదవమనాలి.